డోర్నకల్ దేవాలయము – పిడికెడు బియ్యము

మన తెలుగుదేశమున చూడదగిన దేవళములకును, కట్టడములకును కొదువ లేదు. అయినను కొన్ని యూళ్లు దారిలోనే యుండియు ఎవ్వరి కంటను పడకుండును. అట్టి యూళ్లలో డోర్నకల్ ఒకటి. కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుదారిలో మహబూబాబాదు, గార్ల దాటిన పిమ్మట, ఖమ్మమునకు ముందు, ఈ కూడలి స్టేషను వచ్చును. ఇచ్చట చీలిన శాఖ భద్రాచలం రోడ్డనబడు కొత్తగూడెమునకు పోవును. సింగరేణి గనుల బొగ్గు వెనుకటినుండియు ఈ కూడలిమీదుగనే దేశములోనికి పోవుచు వచ్చినది. భద్రాద్రి రాముని సేవింపబోవు మన సోదరీమణు లెందరో ఈ స్టేషనులో బండి యాగినప్పుడు కిటికీలోనుండి టీ కొనుక్కొని త్రాగియే యుందురు. కాని దిగి యూరిలోనికి పోయి చూచినవారు అరుదు.

గడచిన జనవరి మాసమున నేనును మా పెద్దవదినగారును వరంగల్లులో ఉదయపు బండి యెక్కి డోర్నకల్ చేరితిమి. దారి పొడవునను ప్రత్తిచేలు, మొక్కజొన్న, మిరపతోటలు. అది మిరప యెరుపెక్కు కాలము. కూలివాండ్రు నడుములకు సంచులు కట్టుకొని, తలలకు గుడ్డలు చుట్టుకొని, వరుసలుగా వంగి కాయలు కోయుచుండిరి. ఆ వంగినవారిలో మగవారికంటె ఆడవారే యెక్కువ. ఖమ్మపు బజారులో కొండలవలె పోయబడు మిరప యంతయు ఇట్టి చేతులమీదుగనే రావలెను. మన యావకాయ జాడీలోని కారము వెనుక ఎందరి కన్నుల మంట యున్నదో కదా యని వదినగారు అనిరి. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది.

ఊరు చిన్నది. నిజాము ప్రభుత్వకాలమున వరంగల్లు ప్రాంతములోనిది. 2016వ సంవత్సరమున తెలంగాణమున కొత్తజిల్లా లేర్పడినప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఇచ్చటి చూడదగిన వింత ఒక్కటే. అది ఎపిఫనీ దేవాలయము. దక్షిణ ఇండియా సంఘపు డోర్నకల్ మండలమునకు ఇది ప్రధాన దేవాలయము.

ఎపిఫనీ యనగా ప్రత్యక్షత పండుగ. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రము ననుసరించి వచ్చి, పశువుల తొట్టిలో పుట్టిన శిశువునకు బంగారమును, సాంబ్రాణిని, బోళమును కానుకలుగా సమర్పించిరని క్రైస్తవుల గ్రంథము చెప్పుచున్నది. ఆ దినమును జనవరి 6వ తేదీన పండుగగా జరుపుకొందురు. ఈ దేవాలయము 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీననే ప్రతిష్ఠింపబడినది. కానుకల పండుగనాడు ప్రతిష్ఠింపబడిన గుడి గనుక, కానుకయనగా నేమో తెలిసికొనుటకు ఇంతకంటె తగిన స్థలము లేదని నాకు తోచినది.

క్రైస్తవ దేవాలయమనగానే మన కన్నులయెదుట ఇంగ్లండులోని కట్టడముల పోలిక నిలుచును. ఆకాశమునకు పొడుచుకొనిపోవు సూదిమొన గోపురము, రంగుల అద్దముల కిటికీలు మనకు పరిచితములు. మెదకులోని సుప్రసిద్ధ దేవాలయ మట్టిది. అదియు గొప్పదే, కరవుకాలమున ఆకలిగొన్న వేలమందికి పని కల్పించి అన్నము పెట్టుచు పాస్నెట్ దొరగారు దానిని కట్టించిరి. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన అది ప్రతిష్ఠింపబడినది. డోర్నకల్ దేవాలయపు తీరు వేరు. దూరమునుండి చూచినచో గుమ్మటములును, మినారులవంటి శిఖరములును కనబడి మసీదేమో యనిపించును. లోపల అడుగిడినచో రాతిస్తంభముల వరుసలు గుడిమంటపమును జ్ఞప్తికి తెచ్చును. స్తంభములమీద తామరపువ్వును, ఉమ్మెత్తపువ్వును, అరటిపువ్వును చెక్కబడియున్నవి. అరటిపువ్వు దొప్పలు ఒక్కొక్కటిగా రాలిననే గాని గెల పెరుగదు. ఆడవారికి ఆ చెక్కడమును ఎవ్వరును వివరింపనక్కరలేదు. ఏదో ఒకటి రాలిపోనిదే మరియొకటి పండదను మాట మన పెరటిలోని చెట్టు ప్రతి యేటను చెప్పుచునే యున్నది.

ఈ దేవాలయమును తలపెట్టి, కట్టించి, దానికి ఈ రూపము కోరినవారు బిషప్ వేదనాయగము శామ్యూలు అజరయ్యగారు. వారిని గూర్చి కొంత చెప్పవలెను. వారు తెలుగువారు కారు. తిరునల్వేలి మండలమున వెళ్లాళన్‌విళై యను గ్రామమున 1874వ సంవత్సరమున, ఒక పల్లెటూరి గురువుగారికి జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొని, క్రైస్తవ యువజన సంఘమునకు కార్యదర్శిగా పనిచేయుచు దేశమంతయు తిరిగిరి. 1903వ సంవత్సరమున తిరునల్వేలి క్రైస్తవులు కొందరు కలిసి ఒక మిషను స్థాపించిరి. అంతవరకు మిషనులనగా సముద్రములు దాటి వచ్చిన దొరలు, వారి దేశపు ధనము. ఈ సంఘమువారు అట్లు గాక మనదేశపు మనుష్యులను, మనదేశపు సొమ్ముతో, మనదేశపు పద్ధతిలో పంపవలెనని నిశ్చయించుకొనిరి. వారు ఎన్నుకొన్న చోటు నిజాము రాజ్యములోని ఈ డోర్నకల్ ప్రాంతము. 1909వ సంవత్సరమున అజరయ్యగారు పట్టణపు ఉద్యోగము మానుకొని, గురువుగా అభిషేకము పొంది ఇచ్చటికి వచ్చిరి. తొలుత గుడారమున కాపురముండిరి, తెలుగు నేర్చుకొనిరి. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారికి బిషప్పుగా అభిషేకము జరిగినది. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు వీరే.

వారి సతి అన్బు మరియమ్మాళ్‌గారు. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలివారిలో ఒకరు. 1898వ సంవత్సరమున వీరి వివాహము వరకట్నము లేక, ఆడంబరము లేక, కొద్దిపాటి వ్యయముతో జరిగినది. మన యిండ్లలో కన్యాశుల్కమును, వరకట్నమును గూర్చి సభలలో ఉపన్యాసము లిచ్చి, ఇంటికి వచ్చి బేరములాడుకొన్న కాలమది. నేటికిని ఆ బేరములు తీరలేదు. మాటలు మాత్రము మారినవి. అందుచేత ఈ చిన్న సంగతిని నే నిచ్చట విడువజాలకున్నాను. జీవితకాలమంతయు పల్లెలలో నిరాడంబరముగా బ్రతుకదలచినవారు ఆ బ్రతుకును తమ పెండ్లినాడే మొదలుపెట్టిరి.

బిషప్పుగారిని అనుసరించి సంఘములో చేరినవారు ఎవరు? అత్యధికులు మాలలు, మాదిగలు. భూమి లేనివారు, దొరల పొలములలో జీతగాండ్రు, వెట్టి చేయువారు. ఊరిబావిలో నీరు తోడరానివారు. ఈ ప్రాంతమున ఆ కాలపు పేదలకు వరియన్నము పండుగనాటి వస్తువు, నిత్యమును జొన్నగటకయే. తరువాత కృష్ణా గోదావరి ప్రాంతములును చేరి మండలము పెరిగినది. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన బిషప్పుగారు పరమపదించునాటికి అందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటియుండెను. ఇంతమంది పేదలకు పల్లెపల్లెకును ఒక ఉపదేశి, ఒక బడి, ఒక చిన్న ప్రార్థనశాల కావలెను. సొమ్మెచ్చటిది?

సీమనుండి తెప్పించవచ్చును. పలువు రట్లే చేసిరి. అజరయ్యగా రట్లు చేయుట చాలదనిరి. పేదవాడైనను దేవునికిని, తోటివారికిని ఇయ్యవలెను. ఇయ్యనివాడు ఎప్పటికిని బిచ్చగాడుగనే మిగులును. ఇచ్చుట ఆరాధనలో ఒక భాగము అని వారి బోధ. దీనిని గూర్చి వారు వ్రాసిన చిన్న పుస్తకము తరువాత అనేక భాషలలోనికి మారినది. ఈ బోధ మొదట వినునప్పుడు నా మనస్సు ఒప్పుకొనలేదు. గంజికి గతిలేనివానిని కానుక యడుగుటయా? ఇది ధర్మమా? ఈ సందేహముతోనే నేను ఆ దినము దేవాలయపు వసారాలో కూర్చుంటిని. సందేహమును తీర్చినది గ్రంథము గాదు, ఒక వృద్ధురాలు.

దేవాలయమునకు కొంత దూరమున నున్న ఒక పల్లెకు మమ్ము తీసికొనిపోయిరి. అచ్చట స్త్రీల మైత్రి యను స్త్రీసంఘమువారు ఆ దినము బియ్యము కొలుచుచుండిరి. ఒక్కొక్క యిల్లాలు ఒక ముంతయో, డబ్బాయో, ప్లాస్టికు సంచియో తెచ్చి చాపమీద బోర్లించుచుండెను. కొన్ని సన్నబియ్యము, కొన్ని దొడ్డుబియ్యము, కొన్ని ప్రభుత్వపు చౌకదుకాణపు బియ్యము. అన్నియు ఒక్కరాశిలో కలిసిపోవుచున్నవి. ఏది ఎవరిదో చెప్పుటకు వీలు లేదు. వ్రాతపుస్తకములో పేరుల కెదురుగా తూకము లేదు. ఇచ్చినట్లు ఒక గుర్తు మాత్రమే కలదు. నా ప్రక్కన కూర్చున్న వృద్ధురాలికి డెబ్బదియేండ్లు దాటియుండును. మిరపకోతకు పోయి పోయి ఆమె వ్రేళ్లు నల్లబడియుండెను.

“ఈ బియ్యము ఎట్లు తీయుదురమ్మా?” అని నేనడిగితిని.

“ఏమున్నది బిడ్డా, ఎసరు పెట్టినంక బియ్యం కొలుస్తం గద. కడిగే ముందుగాల ఒక పిడికెడు తీసి ముంతల వేస్త. పొద్దుగాల ఒక్కటి, మాపటికి ఒక్కటి.”

“ఇంటిలో బియ్యము తక్కువైన దినమున?”

ఆమె నవ్వి నావంక జాలిగా చూచినది. “తక్కువైన నాడు గూడ చెయ్యి గదే గద బిడ్డా. పిడికిలి చిన్నగయితదా? మా అత్త జొన్నలు వేసేది. నేను బియ్యం వేస్తున్న. దేవుడు మమ్ముల ఎక్కువనే చేసిండు.”

మా వదినగారు ఏమో అనబోయి మానుకొనిరి. నాకును మాట పెగలలేదు.

ఈ పిడికెడు బియ్యపు పద్ధతి డోర్నకల్ మండలమున ఇంటింటను వేరూనినది. ఇట్టి వాడుక ఈశాన్యమున మిజో కొండలలోని క్రైస్తవ స్త్రీలయందును 1910వ సంవత్సర ప్రాంతమునుండి కలదు. రెండుచోట్లను దాని నడపువారు స్త్రీలే. కారణము స్పష్టము. పేదయింటిలో రూపాయి మగవాని చేతిలో నుండును, లేదా ఎవరిచేతిలోను ఉండదు. కాని బియ్యపుకుండ యిల్లాలి యేలుబడి. దానిమీద ఆమెకు ఎవ్వరి యనుమతియు అక్కరలేదు. ధనము లేని స్త్రీకి దాతృత్వము వహించు అధికారమును ఈ పద్ధతి ఇచ్చినది. ఉత్సవములలోను, సభలలోను వెనుకవరుసను కూర్చుండు ఆ స్త్రీయే సంఘమును పోషించునదైనది.

పిడికెడనగా తక్కువయని తలపవలదు. ఒక పిడికెడు 40 గ్రాములే యనుకొందము. రెండు పూటలకు 80 గ్రాములు. నెలకు 2 కిలోల 400 గ్రాములు. ఏబది యిండ్లున్న పల్లెలో నెలకు 120 కిలోలు. ఒక ఉపదేశి కుటుంబము తిని, ఇద్దరు ముగ్గురు దిక్కులేని ముసలివారికి పెట్టి, మిగిలినదానిని అమ్మి దీపమునకు నూనె కొనుటకు ఇది చాలును. ఆ కాలపు ఉపదేశులు ప్రార్థన చేయించుటయే గాక పిల్లలకు అక్షరములును నేర్పిరి. కూలివాని బిడ్డ ఓనమాలు దిద్దుకొన్నది వాని పొరుగిండ్ల తల్లులు తీసిపెట్టిన పిడికెళ్లమీద. ఇక కోతపండుగనాడు చూడవలెను. ధాన్యపు మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు, మేకపిల్లలు తెచ్చి దేవాలయమున సమర్పింతురు. ఆరాధన ముగిసిన పిదప వానిని వేలము వేయుదురు. ఒక్కకోడిని ఒకరు పాడుకొని మరల కానుకగా నిచ్చుట, దానిని మరియొకరు పాడుకొనుట, అందరును నవ్వుకొనుట కలదు. పేదవారి దానము ఏడుపుమొగముతో జరుగదని అచ్చటివారి వలన వినినప్పుడు నాకు తెలిసినది.

ఈ పద్ధతిలో నాకు ముఖ్యముగా తోచిన సంగతి ఒకటి కలదు. పిడికెడు తీయునది ఎప్పుడు? వండక ముందు. ఇంటివారి యాకలి తీరినదో లేదో తెలియక ముందు. మన యిండ్లలో బీదలకు పెట్టునది ఎప్పుడు? మన మందరము తిని, మిగిలినదానిని చూచి, అది రేపటికి నిలువదని తేల్చుకొన్న పిమ్మట. చాలని చీరె, పగిలిన పళ్లెము, పులిసిన పెరుగు మన దానపు పద్దులో చేరుచున్నవి. అది దానము కాదు, ఇల్లు చక్కబెట్టుకొనుట. దానివలన బీదవానికి మేలు కలుగదని నేననను. కాని దానిని దాతృత్వమని పిలుచుకొని తృప్తిపడుట మాత్రము తగదు.

క్రైస్తవుల గ్రంథమున సారెపతు అను ఊరి విధవరాలి కథ యొకటి కలదు. కరవు కాలము. ఆమె కుండలో చారెడు పిండియు, కొంచెము నూనెయు మాత్రమే మిగిలినవి. కడపటి రొట్టె కాల్చుకొని కుమారునితో తిని చావదలచిన ఆమెవద్దకు ఏలీయా ప్రవక్త వచ్చి, మొదట తనకు చిన్నరొట్టె చేసి పెట్టుమనెను. ఆమె పెట్టెను. పిమ్మట కరవు తీరువరకు ఆ కుండ తరుగలేదు. మరియొక విధవరాలు యెరూషలేము దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసినది. ధనవంతులందరికంటె ఆమెయే యెక్కువ వేసినదని యేసుప్రభువు చెప్పిరి. ఈ రెండు కథలును నేను బాల్యమునుండి వినుచున్నవే. కాని వానిలోని ఇద్దరును స్త్రీలేయనియు, ఇద్దరును విధవలేయనియు, ఇద్దరును మిగిలినదానిని గాక ఉన్నదానిని ఇచ్చిరనియు ఆ మిరపకోతల వృద్ధురాలి ప్రక్కన కూర్చున్నప్పుడే నా మనస్సునకు తట్టినది.

అయితే కలిగినవారు ఈ కథలను బీదలకు బోధించుటలో ఒక ప్రమాదము కలదు. బీదవాడు తనంతట తానిచ్చుట వాని గౌరవము. కలిగినవాడు వానివలన పుచ్చుకొనుచు తాను దాచుకొనుట పాపము. ఈ భేదమును మరచిన చోట దేవాలయములు పెరుగును గాని ధర్మము పెరుగదు. అజరయ్యగారు ఇయ్యుడని చెప్పుచు తాము భోగములయందు మునిగియుండిన యెడల ఆ మాట ఎవరు విందురు? వారు పల్లెలు తిరిగిరి. ఎడ్లబండ్లమీద పోయి చెట్లక్రింద కూర్చుండి కూలివారితో ప్రార్థించిరి. సంఘములో మాలలును మాదిగలును వేరువేరుగా కూర్చుండరాదనియు, ఒక్కరొట్టెలో పాలుపంచుకొనవలెననియు పట్టుబట్టిరి. ఆ పోరాటము నేటికిని ముగియలేదని అచ్చటివారే నాతో చెప్పిరి. గుడిలో నొకటిగా మోకరించి, పెండ్లిసంబంధములయొద్ద మరల కులము వెదకుట క్రైస్తవులయందును కలదు. దేవాలయపు గోడలు ఎంత యందముగా నున్నను ఈ సంగతిని దాచజాలవు, దాచరాదు.

ఆత్మపరీక్ష యను మాట క్రైస్తవులయందు తరచుగా వినబడును. ప్రభురాత్రి భోజనమునకు పోవుటకు ముందు ఎవరిని వారు పరీక్షించుకొనవలెను. భస్మ బుధవారము మొదలు ఈస్టరు వరకు, ఆదివారములు గాక, నలుబది దినములు ఉపవాసములతో, ప్రార్థనలతో తమ నడవడిని చూచుకొందురు. హిందువులకు కార్తికమువలె, మహమ్మదీయులకు రంజానువలె వారికిది నియమకాలము. కాని నియమకాలమున మాంసము మానుకొని, వాడుకగా చేయు అన్యాయము మానుకొననిచో ప్రయోజనమేమి? జక్కయ్య కథ దీనినే చెప్పుచున్నది. అతడు సుంకములు వసూలుచేసి ధనికుడైనవాడు. ప్రభువు తన యింటికి వచ్చినప్పుడు తన యాస్తిలో సగము బీదల కిచ్చెదననెను. అంతటితో నాగలేదు, ఎవరియొద్దనైనను అన్యాయముగా తీసికొన్నచో నాలుగంతలు మరల నిచ్చెదననెను. ఇచ్చుట వేరు, మరల నిచ్చుట వేరు. ఆత్మపరీక్షలో రెండవదానినే మొదట చూచుకొనవలెను.

కనుక సోదరీమణులారా, మనము దానము సంగతి తలచుటకు ముందు బాకీల సంగతి తలచుకొందము. మన యింటిలో అంట్లు తోము మనిషికి జీతము ఏ తేదీన ఇచ్చుచున్నాము? ఆమె జ్వరమున నాలుగు దినములు రానిచో ఆ నాలుగు దినములును కోయుచున్నామా? బజారులో అంగడివాడు చెప్పిన ధరకు వేయిరూపాయల వస్తువు మారుమాటాడక కొని, తలమీద తట్టతో వచ్చిన ఆకుకూరల యామెయొద్ద అయిదు రూపాయలకు గీచిగీచి బేరమాడుచున్నామా? పొలమున్నవారు కూలి చెల్లింపును పంట అమ్మువరకు నాపుచున్నారా? కోతకూలి బిగబట్టినవారిని గూర్చి యాకోబు పత్రికలో ఎంత కఠినముగా వ్రాయబడియున్నదో చదివినవారికి తెలియును. ఇవి దానములు కావు, చెల్లింపవలసిన ఋణములు. వీనిని తీర్చక చేసిన అన్నదానము పరుల సొమ్ముతో చేసిన దానమే యగును.

పిమ్మట మితజీవనము. పిడికెడు తీయుటకు కుండలో బియ్యముండవలెను గదా! మన సంసారములలో రాబడి పెరిగినకొలది కుండ పెద్దదగుచున్నది గాని, తీయుటకు చోటు లేకున్నది. అలమారలో మడత విప్పని చీరె లుండగనే పండుగకు మరియొకటి వచ్చుచున్నది. చేతిలోని ఫోనులో బొమ్మ చూచి వ్రేలితో తాకినచో వస్తువు మరునాడు గుమ్మము ముందుండును. దాని యవసరమేమని తలచుటకు నడుమ ఒక్కరాత్రియైనను దొరకదు. బిడ్డ పెండ్లికి ఒక్కపూట విందులో పారవేయబడు అన్నము ఒక పల్లె నెలదినముల పిడికెళ్లను మించుచున్నది. వ్యయము తగ్గించుకొని ఆ మిగులును బ్యాంకులో దాచుకొన్నచో అది పొదుపు, మితజీవన మనిపించుకొనదు. తగ్గించుకొన్నది మరియొకరికి చేరవలెను. అప్పుడే ఆ తగ్గుదలకు అర్థము.

యొప్పే పట్టణమున దొర్కా యను భక్తురాలుండెడిది. ఆమె చనిపోయినప్పుడు ఊరి విధవలందరు చేరి యేడ్చుచు, ఆమె తమకు కుట్టి యిచ్చిన అంగీలను, వస్త్రములను పేతురునకు చూపిరని గ్రంథమున నున్నది. ఆమె యేమి బోధించెనో, ఏ పదవి వహించెనో వ్రాయబడలేదు. ఆమె చేతిపని వారి యొంటిమీద నున్నది, అదియే సాక్ష్యము. మన తరువాత మనలను గూర్చి చూపుటకు బీదల యొంటిమీద ఏమి యుండును? ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయుటకు నాకు ధైర్యము చాలలేదు.

డోర్నకల్‌లో మరునాడు ఉదయమున ప్రాంగణమున నున్న బిషప్పుగారి సమాధిని చూచితిమి. పెద్ద కట్టడము కాదు. వారు తలపెట్టిన మరియొక పని, వేరువేరు మిషనుల క్రైస్తవులు ఒకటగుట, వారు పోయిన రెండేండ్లకు 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరినది. అది చూచుటకు వా రుండలేదు. ఇచ్చుటయనగా అదియు నొకటి. ఫలమును చూడకుండ నిచ్చుట.

అచ్చటి యొక ఉపాధ్యాయురాలు నాతో ఒక విచారము చెప్పినది. నేటి యువతులు పట్టణములలో ఉద్యోగములు చేయుచున్నారు. పిడికెడు బియ్యమునకు బదులు నెలకొకసారి ఫోనుద్వారా రూపాయలు పంపుచున్నారు. సంఘమునకు వచ్చునది మునుపటికంటె ఎక్కువే. అయినను ముంత పోయినది. నెలకొకసారి వ్రేలు కదలించినప్పుడు మనస్సు కదలవలెనన్న నియమము లేదు. దినమునకు రెండుమారులు పిడికిలి బిగించి, ఇది నాది కాదు అని వేరుగా పెట్టునప్పుడు చేయి మనస్సునకు పాఠము చెప్పును. ఆమె మాట నిజమని నాకు తోచినది. రూపాయలు పంపుట మానవలదు. ముంతయు నుంచుకొనుడని నే నామెతో నంటిని.

ఈ పద్ధతికి మతభేదము లేదు. రామునికి దండము పెట్టి పొయ్యి వెలిగించు ఇల్లాలైనను, అల్లాను తలచు ఇల్లాలైనను వంటయింటిలో ఒక ముంత నుంచవచ్చును. నెలకు నిండిన బియ్యమును మన వీధిలోనే పనిలేని కూలియింటికో, ఒంటరి ముసలివానికో, తల్లిలేని పిల్లలకో పేరు చెప్పక చేర్పవచ్చును. దినదినమును కడిగెడు ముందు తీయవలెను. కడిగిన పిమ్మట తీయరాదు. తమ యాడపిల్లలచేత తీయింపవలెను, మగపిల్లలచేతను తీయింపవలెను. పిడికిలి పెద్దదైన కొలది పిడికెడు తనంతటతానే పెరుగును.

మీరు భద్రాచలమునకు పోవునప్పుడో, విజయవాడకు పోవునప్పుడో వీలైనచో ఒక్కపూట డోర్నకల్‌లో దిగుడు. దేవాలయము స్టేషనునకు దూరము కాదు. స్తంభములమీది అరటిపువ్వును చూడుడు. కాని అంతటితో తిరిగిరాక, చుట్టునున్న యే పల్లెకైనను పోయి, ఒక పూరింటి వంటయింటిలో పొయ్యిప్రక్కనున్న చిన్నముంతను చూచి రండు. ఆ దేవాలయపు పునాది అదియే.